మామయ్య ముందుగది ఎందుకు ఖాళీ చేశాడు?

మామయ్యకు ఉన్నది ఒకటే పిచ్చి: కనిపించిన ప్రతి జాగాకూ జోన్ పెట్టడం. ఎక్కడ ఇళ్ళుండాలో, ఎక్కడ కొట్లుండాలో తేల్చే పట్టణ ప్రణాళిక ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఊరు చేజారిపోయింది కనుక ఇంటిమీద పడ్డాడు. వంటిల్లు పారిశ్రామిక జోన్, పడకగదులు నివాస జోన్, హాలు ప్రజోపయోగ స్థలం. అబ్బో, ఆ ఇంట్లో పిల్లి కూడా ఆలోచించి అడుగేసేది!

ఒకరోజు అత్తయ్య హాల్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఇదేమిటే, ప్రజోపయోగ స్థలంలో పరిశ్రమ?"

"వంటింట్లో ఉక్కగా ఉందండీ."

"అయితే భూవినియోగ మార్పు కోరాలి. ఇరుగుపొరుగు అభ్యంతరాలు వినాలి."

"ఇరుగుపొరుగంటే ఎవరట?"

"నేనే. కళ్ళు మండుతున్నాయి. అభ్యంతరం!"

"అలాగా? అన్నం కూడా పరిశ్రమలో తయారయ్యేదే. నివాస జోన్లోకి రాదు మరి," అంది అత్తయ్య. ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా ఉల్లిపాయలకు అప్పటికప్పుడే మినహాయింపు దొరికింది. అత్తయ్య మాత్రం తక్కువ తిన్నదా? మామయ్య గురకను శబ్దకాలుష్యంగా ప్రకటించి, ఆయన్ని ముందుగదికి తరిమి, తాను వెనక చిన్నగదిలో హాయిగా నిద్రపోయేది.

అలాంటి ఇంటికి మేనకోడలు కుట్టుమిషను రిక్షాలో వేసుకుని వచ్చింది. ఆమె అద్దెకు తీసుకున్న కొట్టును ఓనరు ఉన్నట్టుండి ఖాళీ చేయించాడు. ఇంకో కొట్టు తీసుకునే స్తోమత లేదు. మిషను ఆగిందంటే ఆమెకు పూట గడవదు.

"మామయ్యా, మీ ముందుగదిలో మిషను వేసుకోనా? పొద్దున వచ్చి సాయంత్రానికి నా గదికి పోతాను."

"కుదరదు!" అన్నాడు మామయ్య, పాము కనబడ్డట్టు లేచి. "వీధి వీధంతా నివాస జోన్!"

మేనకోడలి ముఖం చిన్నబోయింది. సొంత మేనమామే ఇలా అంటే ఇంకెవరిని అడుగుతుంది?

మర్నాడు మామయ్య హాల్లో విచారణ పెట్టాడు. ఎదురింటి లెక్చరర్ గారికి కుర్చీ వేశాడు.

"అభ్యంతరాలు చెప్పండి."

"నాకేం లేవండీ. పాపం, ఆడపిల్ల..."

"పాపాలు కుదరవు. అభ్యంతరం కావాలి."

లెక్చరర్ గారు బుర్ర గోక్కున్నారు. "మరి... మిషను చప్పుడు?"

"భేష్! ఇంకా?"

"వచ్చేవాళ్ళు స్కూటర్లు మా గేటుకు అడ్డంగా పెడతారేమో."

"శభాష్!"

మేనకోడలికి ఒళ్ళు మండిపోయింది. లేని గొడవను పిలిచి కూర్చోబెడుతున్నాడీయన!

తీర్పు వచ్చింది. మిషను కింద రబ్బరు పట్టా వేయాలి. స్కూటర్లు మామయ్య గేటు లోపలే ఆపాలి. బోర్డు పెట్టకూడదు, పనివాళ్ళను పెట్టుకోకూడదు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఆమె తన అద్దెగది వదిలేసి ఈ ముందుగదిలోనే కాపురం ఉండాలి.

"మరి మీరో?"

"ఆ గదిలో వీధి రొద. మనుషులుండేది కాదు. నాకు ఓపెన్ స్పేస్ కావాలి," అంటూ మామయ్య తన మంచం ఈడ్చుకెళ్ళి వెనక వరండాలో వేసుకున్నాడు.

"మనుషులుండని గది నాకిచ్చారన్నమాట," అని సణిగింది మేనకోడలు.

"పోనీలేవే, ఆయన పిచ్చి ఆయనకానందం," అంది అత్తయ్య.

గిరాకీ కాస్త కుదురుకుందో లేదో, పక్క బజారులోని కుట్టుకొట్టు ఓనరు మున్సిపాలిటీకి ఫిర్యాదు చేశాడు. ఒక మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ దిగాడు, చేతిలో తాళం, సీలు.

"ఇళ్ళ మధ్య కొట్టేమిటమ్మా? మూసెయ్యాలి."

ఆమె మిషను ఆపి లేచింది. మామయ్యేమో వరండాలో నిద్ర.

"మీరుండేదెక్కడ?"

"ఈ గదిలోనేనండీ." మంచం, మడతపెట్టిన దుప్పటి, దండెం మీద ఆమె బట్టలు చూశాడాయన.

"పనివాళ్ళు?"

"లేరండీ. బోర్డు కూడా మామయ్య వద్దన్నారు."

లెక్చరర్ గారు వీధి దాటి పరుగున వచ్చారు. "చప్పుడూ లేదు, స్కూటర్ల గోలా లేదు. నేనడిగినవన్నీ చేశారండీ!"

ఇన్‌స్పెక్టర్ సీలు సంచిలో వేసుకున్నాడు. "ఉంటున్న గదిలో సొంతంగా కుట్టుకుంటే అది ఇల్లే, కొట్టు కాదు. అదే పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారైతే ఈపాటికి తాళం పడేది. ఎవరో రూల్సు బాగా తెలిసినవాళ్ళే సర్దిపెట్టారు."

మేనకోడలికి సిగ్గేసింది, దానివెనకే పట్టలేనంత ప్రేమా వచ్చింది. వరండాలోకి పరుగెత్తింది. మామయ్య నిద్రలోనే దోమకాట్లు గోక్కుంటున్నాడు.

"మామయ్యా! ఆ గదికేం లోటు లేదు కదూ?"

"రొద," అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "వెళ్ళి కుట్టుకో."

ఆమె వెళ్ళి మిషను ముందు కూర్చుంది. మిగిలిన గుడ్డలన్నీ కలిపి, మధ్యమధ్య దోమతెర అతికించి, సాయంత్రానికల్లా వరండా చుట్టూ ఒక పెద్ద తెర కట్టేసింది.

మామయ్య మంచం మీంచి దూకాడు. "ఓపెన్ స్పేస్‌లో నిర్మాణమా! ఎవరిచ్చారు అనుమతి?"

"తాత్కాలికమే మామయ్యా."

"ఎన్నాళ్ళు?"

"దోమలున్నన్నాళ్ళు."

మామయ్య దాని చుట్టూ తిరిగాడు, కుట్లు లాగి చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "సరే. అభ్యంతరాలు రేపు పొద్దున వింటాను," అంటూ లోపలికి దూరి తెర మూసేసుకున్నాడు.