తప్పుకపోయేటోళ్లకు తొవ్వ విడిచిన పురుషోత్తమరావు సారు

పురుషోత్తమరావు గారు ఇక లేరన్న వార్త నాకు లచ్చవ్వ నోట తెలిసింది. జగిత్యాలలో ఆయన ఇంట్లో వంట చేసే మనిషి ఆమె. "బిడ్డా, చాయ్ తీస్కపోయి లేపిన. సారు లేస్తలేడు. ఒళ్లు సల్లగున్నది. ఎవలకు ఫోన్ చెయ్యాల్నో సమజైతలేదు, నీకు చేస్తున్న" అన్నది. సిరిసిల్లలో మా ఇంటి చుట్టూ మరమగ్గాలు మోగుతున్నాయి. ఆ మోతలో తప్పుగా విన్నానేమోనన్న ఆశతో ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాను. వేములవాడలో బస్సు మారి జగిత్యాల చేరేవరకు, ముందటి సాయంత్రం నాతో ఫోన్‌లో మాట్లాడిన ఆ గొంతు ఇక వినబడదన్న సత్యాన్ని బుద్ధి గ్రహించిందే కానీ హృదయం అంగీకరించలేదు.

కోరుట్ల దగ్గరున్న వారి స్వగ్రామంలో దహన సంస్కారాలు జరిగాయి. సంతానం లేని మనిషి. భార్య సుగుణమ్మ గారు ఎన్నో ఏళ్ల కిందటే గతించారు. తమ్ముడు రాజేశ్వరరావు గారి కుమారుడు తలకొరివి పెట్టాడు. వచ్చిన కొద్దిమందిలో ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, "దొర గల్ఫ్‌ల ఏం పని చేసెటోడమ్మా?" అని అడిగాడు. గోల్ఫ్ మైదానాలకు రూపకల్పన చేసేవారని చెప్పాను. "అంటే కాంట్రాక్టరా?" అన్నాడు. చితి ముందు నిలబడి ఎంతని వివరించగలను? తల ఊపి ఊరుకున్నాను.

ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పాలి. చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ, ఎంతో దూరంలో జెండా పాతిన చిన్న రంధ్రంలోకి చేర్చడమే గోల్ఫ్. ఒక్కో మైదానంలో ఇలాంటి జెండాలు పద్దెనిమిది దాకా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో దారి. ఆ దారిలో అక్కడక్కడ ఇసుక గుంటలు తవ్వి పెడతారు. వాటిని బంకర్లంటారు. బంతి అందులో పడిందంటే బయటికి తీయడం కష్టం. ఆ గుంట ఎక్కడ ఉండాలి, ఎంత లోతుండాలి, అందులో ఎవరు పడాలి, ఎవరు పడకూడదు అన్న మీమాంసలోనే పురుషోత్తమరావు గారి జీవితం గడిచింది. రోడ్ల పనికని గల్ఫ్ వెళ్లిన సివిల్ ఇంజనీరు ఆయన. కంపెనీ ఒక గోల్ఫ్ మైదానం మట్టిపని చేపట్టినప్పుడు ఆ విద్య మీద మనసుపడి, విదేశీ నిపుణుల వద్ద శిష్యరికం చేసి, క్రమంగా తానే రూపశిల్పి అయ్యారు. పేరు మాత్రం ఎప్పుడూ కంపెనీదే.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చాక జగిత్యాల ఇంట్లోనే ఒక గదిని కార్యాలయంగా చేసుకుని, దూరదేశాల మైదానాలకు నక్షాలు గీసి పంపేవారు. నేను పాలిటెక్నిక్ ముగించి, మగ్గాల మధ్య పెరిగిన బిడియంతో పని అడగడానికి ఆయన ముందు నిలబడ్డాను. చదువు గురించి ఒక్క మాట కూడా అడగలేదు. కాగితం మీద పొడవాటి ఆకారం ఒకటి గీసి నా ముందుకు జరిపారు.

"బంతి ఈడికెళ్లి ఆడికి పోవాలె. నడుమ ఒక ఇసుక గుంట పెట్టు బిడ్డా."

నేను దారికి అడ్డంగా, సరిగ్గా మధ్యలో గీశాను.

"ఈ గుంటల ఎవలు పడ్తరు?"

"ఎవరైనా పడొచ్చు సార్."

"పడరు. బలమున్నోడు మీదికెళ్లి దాటిస్తడు. గుంట ఉన్నదన్న సోయి గూడ ఉండదు ఆనికి. బలం లేనోడే పడ్తడు. రోజూ పడ్తడు." పెన్సిలు బల్ల మీద పెట్టి, "రేపటికెళ్లి పనికి రా" అన్నారు.

ఇంత సూక్ష్మమైన న్యాయబుద్ధి గల మనిషికి తన చుట్టూ ఆ సంగతి మాట్లాడుకునే వారు ఒక్కరూ లేరు. కోరుట్లలో వారి బంధువుల ఇంట పెళ్లికి నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్లారు ఒకసారి. భోజనాల దగ్గర వరుసకు బావమరిది ఒకాయన అందరికీ వినబడేలా, "ఏం బావా, ఎకరాలకెకరాలు గడ్డి పెంచుతరట, బర్లను తోల్కపోతే మాత్రం మెడలు పట్టి నూకుతరట, నిజమేనా?" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. "నిజమే బావా, మా గడ్డికి పొగరెక్కువ" అని కూడా అన్నారు. తిరిగివస్తుంటే ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ కనబడింది. మా నాయిన ఈ ఫ్యాక్టరీకే చెరుకు తోలెటోడని చెప్పి, "చెరుకు గురించి మాట్లాడుకుందామంటే ఊరంత ఉండేది ఆయనకు" అన్నారు. తన గురించి ఆయన ఫిర్యాదు చేయగా నేను విన్నది అంతే.

నేను గోల్ఫ్ మైదానం చూడకుండానే గీతలు గీస్తున్నానని ఆయనకు బాధగా ఉండేది. ఒకనాడు హైదరాబాద్ తీసుకెళ్లి, తెలిసినవారి అనుమతితో ఒక మైదానంలోకి నడిపించారు. లోతైన బంకర్ ఒకటి చూపి, "దిగు" అన్నారు. చెప్పులు విడిచి దిగాను. ఇసుక గోడ నా తల కంటే ఎత్తుంది.

"జెండా కనబడ్తుందా?"

"కనబడ్తలేదు సార్."

"ఎట్లనిపిస్తుంది?"

"నేనొక్కదాన్నే ఉన్నట్టు."

ఒడ్డు మీది నుంచి నా వైపు వంగారు. "గదే బిడ్డా. గుంటల పడ్డ మనిషి ఒక్కడైపోతడు. మిగిలినోళ్లు ఒడ్డు మీద నిలబడి ఎదురుచూస్తుంటరు. ఆశపడి, తన బలం తనకు తెలిసి కొట్టి పడ్డోడు పడనీ, అది ఆట. కానీ తప్పుకపోయేటోనికి పక్కకెళ్లి తొవ్వ ఉండాలె. తొవ్వ లేకుంట తవ్వితే అది ఆట గాదు, జులుం." ఇలా అని చేయి అందించి నన్ను పైకి లాగారు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలోనే సుగుణమ్మ గారి సంగతి చెప్పారు. అంతకుముందు గోడ మీద ఫొటోగానే ఆమె నాకు తెలుసు. గల్ఫ్‌లో ఆయన తెల్లవారి వెళితే చీకటిపడ్డాక వచ్చేవారు. భాష రాని ఊళ్లో నాలుగు గోడల మధ్య ఆమె కుంగిపోతుంటే, ఆయనే గోల్ఫ్ నేర్పించారు. ఆమెకు ఆట పట్టుబడింది. పొద్దున్నే ఆడే మరికొందరు ఆడవాళ్లతో స్నేహం కలిసింది. రకరకాల దేశాలవాళ్లు, వచ్చీరాని ఇంగ్లీషు, వంటల ముచ్చట్లు. ఆమె ముఖంలో కళ మళ్లీ వచ్చింది. అదే కాలంలో ఆయన సొంత ఆలోచనతో తొలి మైదానం సిద్ధమైంది. అందులో ఏడో జెండా దారిలో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆయన తవ్వించిన బంకర్‌ను చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. గోల్ఫ్ పత్రికల్లో ఫొటోలు వచ్చాయి.

సుగుణమ్మ గారు కొట్టిన బంతి మాత్రం ప్రతి పొద్దూ అందులోనే పడేది. ఒక్క దెబ్బకు దాటించాలంటే బలం చాలదు, గుంటకు ఇవతల ఆపి మళ్లీ కొట్టినా దాటదు. స్నేహితురాళ్లలో కొందరు దాటిపోయి అవతల నిలబడేవారు, ఈమె ఇసుకలో మిగిలేది. ఒకరోజు ఇంటికొచ్చి, చీరకొంగు దులుపుకుంటూ ఆయనను అడిగిందట: "మీ గుంట పెద్దోళ్లనైతే పట్టుకుంటలేదు. నా అసొంటోళ్లనే పట్టుకుంటుంది. గిది ఎవల కోసం తవ్విన్రు?"

"నేను నవ్విన బిడ్డా," అన్నారు సారు, కారు అద్దంలోంచి బయటికి చూస్తూ. "ఇంకింత గట్టిగ కొట్టు అన్న."

కొన్నాళ్లకు ఆమె వెళ్లడం మానేసింది. వాళ్లను ఆపి ఆపి నాకే సిగ్గైతుంది అన్నదట. కర్రలు అలమారలోకి చేరాయి, స్నేహాలు సడలిపోయాయి. ఆమె మళ్లీ ఆ గదుల్లో ఒంటరిదైంది. అప్పుడు గానీ ఆయనకు ఆ ప్రశ్న తలకెక్కలేదు. యజమానుల వద్దకు వెళ్లి బంకర్ మార్చమని అడిగారు. మా మైదానానికి గుర్తే అది, ఎట్లా మారుస్తామన్నారు. ఏటా అడిగారు, ఏటా కాదన్నారు. ఈలోగా గుండె జబ్బుతో సుగుణమ్మ గారు అక్కడే కన్నుమూశారు. అస్థికలతో తిరిగొచ్చిన ఆయన మళ్లీ గల్ఫ్ గడప తొక్కలేదు. "ఆమె పానం గుండె జబ్బే తీసింది. కానీ ఆఖరి ఏండ్లు ఒక్కతిని చేసి కూసోబెట్టింది మాత్రం నా గుంటనే" అన్నారు. ఆ మాటకు ఓదార్పు చెప్పే వయసు కాదు నాది. చెప్పినా వినే మనిషి కాదు ఆయన.

ఆనాటి నుంచి ఏ నక్షా గీసినా ముందుగా బలహీనుడి దారి గీసేవారు. బలవంతుడికి ప్రలోభం తర్వాత. ఆ పట్టుదలకు మూల్యం కూడా చెల్లించారు. కొండగట్టు దారిలో ఒక భూస్వామి రిసార్టుతో పాటు చిన్న గోల్ఫ్ మైదానం కడతానని వచ్చినప్పుడు సారు ముఖంలో నేనెన్నడూ చూడని వెలుగు చూశాను. సొంత గడ్డ మీద ఒక్క మైదానమైనా ఉండాలన్నది ఆయన చిరకాల వాంఛ. ఎండను లెక్కచేయకుండా ఆ గుట్టల మధ్య తిరిగి రూపం ఇచ్చారు. అంతా కుదిరాక యజమాని ఒక కోరిక కోరాడు. జెండా ముందర మట్టి దిబ్బ వెనక కనబడకుండా ఒక బంకర్ కావాలన్నాడు.

"కనబడకపోతే తప్పుకునుడెట్ల?" అన్నారు సారు.

"తప్పుకోవద్దనే గద సార్. పడితెనే మజా. మావోళ్లు ఒడ్డు మీద నిలబడి నవ్వుకుంటరు."

"పడ్డోళ్లు మళ్ల రారు."

"రాకుంటె ఏమాయె? ఆట వచ్చినోళ్లే వస్తరు."

సారు నక్షా చుట్టి నా చేతికిచ్చి, ఆయనకు నమస్కారం పెట్టి లేచారు. ఇంటికొచ్చాక, "మా సుగుణను రావద్దన్నట్టే వినబడ్డది బిడ్డా" అన్నారు. ఆ భూమి తర్వాత ప్లాట్లయింది. ఆ వైపు నుంచి బస్సులో వచ్చినప్పుడల్లా నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఆయన మాత్రం ఆ దారి ఊసే ఎత్తేవారు కాదు.

గడిచిన ఎండాకాలంలో ఆయన ఆరోగ్యం సన్నగిల్లింది. చేతులు వణికేవి. అప్పుడొచ్చింది గల్ఫ్ నుంచి ఒక మెయిల్. ఆ తొలి మైదానం చేతులు మారిందట. ఏడో జెండా దారిలో సామాన్యులు ఆడలేకపోతున్నారు, పాత నక్షాల మీద మీ సంతకం చూశాం, మూల రూపశిల్పిగా మార్పు సూచించగలరా అని కొత్త యాజమాన్యం అడిగింది. నేను ఆనందంతో గట్టిగా చదివాను. సారు కళ్లు మూసుకుని విన్నారు.

"ఇప్పుడడిగిన్రా" అన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదని లచ్చవ్వ చెప్పింది.

మరునాడు నన్ను పిలిచి పాత నక్షా పరిపించారు. గుంట మొత్తం పూడ్చేద్దామా అని అడిగాను. "పూడిస్తే ఆట సస్తది. బలమున్నోనికి ఆశ గూడ ఉండాలె" అన్నారు. ఆయన చెబుతుంటే నేను గీశాను. బంకర్‌ను కుడివైపుకు, బలంగా కొట్టేవారిని ఊరించే చోటికి జరిపాము. ఎడమవైపు వెడల్పైన పచ్చిక బాట విడిచాము. ఆ బాట ఎక్కడ మొదలు కావాలో నిర్ణయించే వేళ ఆయన నా చేతిలోని పెన్సిలు తీసుకున్నారు. వణికే వేళ్లను రెండో చేత్తో పట్టుకుని నక్షా మీద ఒక చుక్క పెట్టారు.

"సుగుణ కొడితే బంతి ఈడ పడుతది."

అన్నేళ్ల తర్వాత కూడా ఆయనకు తడుముకోవలసిన అవసరం రాలేదు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

వానలు వెనకబట్టే వేళకు పని పూర్తయిందని వాళ్లొక వీడియో పంపారు. వయసు మళ్లిన ఒక స్త్రీ, ఏ దేశస్థురాలో తెలియదు, తలకు టోపీ పెట్టుకుని బంతి కొట్టింది. అది ఎడమ పచ్చిక మీద పడి, మెల్లగా దొర్లుతూ ముందుకు సాగింది. సారు ఫోన్ కళ్లకు దగ్గరగా పట్టుకున్నారు.

"పోయింది" అన్నారు. "ఆమె ఒక్కతే ఉన్నదా బిడ్డా? నాకు చూపు ఆనుతలేదు" అని అడిగారు.

"లేదు సార్. ఎనుక ఇంకో ముగ్గురున్నరు. నవ్వుకుంట నడుస్తున్నరు."

"మంచిది" అన్నారు. ఫోన్ నాకిచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. ఆ తర్వాత కొద్ది వారాలకే ఆయన నిద్రలోనే వెళ్లిపోయారు.

పదో రోజు కార్యానికి ఫ్లెక్సీ వేయిస్తూ రాజేశ్వరరావు గారు, పేరు కింద ఏం రాయమంటవమ్మా అని నన్నే అడిగారు. "గోల్ఫ్ మైదానాల రూపశిల్పి" అని కాగితం మీద రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదువుకుని, మొహమాటంగా, "మనోళ్లకు సమజ్ కాదమ్మా. రిటైర్డ్ ఇంజనీర్ అని పెడదాం" అన్నారు. అది అబద్ధం కాదు కనుక నేను వాదించలేదు. అన్న మీద ప్రేమ లేకనూ కాదు, ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన కళ్లు తడిగానే ఉన్నాయి.

గురువర్యా, మీరు నేర్పిన విద్యతో నేను బతుకుతున్నాను. ఇతరుల పతనంలో వినోదం చూడని మీ కరుణకు, చేజేతులా చేసిన పొరపాటును జీవితాంతం మోసి తుదకు సరిదిద్దుకున్న మీ ధర్మనిష్ఠకు మనసారా మొక్కుతున్నాను. సముద్రాల అవతల ఆ పచ్చిక మీద ఈ పొద్దున కూడా ఎవరో ఆడవాళ్లు కబుర్లాడుకుంటూ నడిచే ఉంటారు. ఆ బాట ఎవరు విడిచారో, ఎవరి కోసం విడిచారో వాళ్లకు తెలియదు. తెలిసిన మనిషిని నేనొక్కదాన్ని, ఇక్కడ సిరిసిల్లలో మిగిలాను.