చిన్నాయన చెవి పరీక్ష

మా చిన్నాయనకు ఎడమ చెవి వినపడదన్న సంగతి నా చిన్నప్పుడు మా ఊళ్ళో ముగ్గురికే తెలుసు. ఆయనకు, మా అవ్వకు, నాకు. పసితనంలో ఆ చెవికి చీము పడితే ఇంటి మందులతోనే సరిపెట్టారట. చీము తగ్గింది గానీ వినికిడి తిరిగి రాలేదు. చూసినవాళ్ళు ఎవరూ పోల్చుకోలేరు. ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు కొంచెం తల తిప్పి, వాళ్ళ పెదవుల వైపే చూస్తూ వినేవాడు. అది ఆయన మర్యాద అనుకునేవాళ్ళు.

మాది ఆళ్ళగడ్డ. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాయన ఇంకో పెళ్ళి చేసుకొని కోవెలకుంట్ల వైపు వెళ్ళిపోయాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. లోపలికి రాకుండా వాకిట్లోనే కాసేపు కూర్చొని, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయేవాడు. నాకు అన్నం వండి పెట్టింది అవ్వే అయినా, నా మనిషి అనుకున్నది మాత్రం చిన్నాయననే. అవ్వకు చూపు ఆనకపోవడంతో నాకు జడ వేసే పని కూడా ఆయన మీదే పడింది. ఎంత కడిగినా గోళ్ళలో గ్రీజు నలుపు పోని చేతులు ఆయనవి. ఆ చేతులతోనే బడి వదిలేదాకా చెదరనంత గట్టిగా జడ అల్లేవాడు. బళ్ళో ఆడపిల్లలు దాన్ని చూసి నవ్వేవాళ్ళు. నాకు స్నేహితులు పెద్దగా లేరు. సాయంత్రం బడి నుంచి రాగానే అరుగు మీద కూర్చొని ఆయన లారీ చప్పుడు కోసం వినడమే నా ఆట.

ఆయన ఒక బండల లారీ మీద క్లీనరుగా పనిచేసేవాడు. పొద్దున వెళ్తే బేతంచెర్ల బండలు దించి సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళుంటాయి. అహోబిలం జీపుల వాళ్ళ దగ్గర తోలడం నేర్చుకొని చిన్న బండ్ల లైసెన్సు తెచ్చుకున్నాడు. దానికి చెవులు చూసినవాళ్ళు లేరు. లారీకి అలా కుదరదు. ముందు డాక్టరు మనిషిని పూర్తిగా పరీక్షించి కాగితం ఇవ్వాలి. ఆ కాగితం నంద్యాలలో బ్రేకు ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో చూపిస్తే నేర్చుకోవడానికి పర్మిట్ ఇస్తారు. పర్మిట్ లేనిదే స్టీరింగు ముట్టుకోనివ్వరు. ఆయన యజమాని బొంబాయి వైపు తిప్పడానికి కొత్త లారీ కొన్నాడు. పర్మిట్ తెచ్చుకుంటే పాత డ్రైవరు పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తానని మాట ఇచ్చాడు.

కళ్ళ సంగతి చిన్నాయనకు బెంగ లేదు. చెవుల పరీక్ష ఎలా ఉంటుందో పాత డ్రైవరు చెప్పాడు. డాక్టరు వెనక నిలబడి, ఒక చెవి అరచేత్తో మూసి, రెండో చెవి వైపు నుంచి మెల్లగా అంకెలు చెప్తాడు. వాటిని తిరిగి చెప్పాలి. అది విన్న రోజు చిన్నాయన అన్నం సరిగ్గా తినలేదు. రెండు రోజులు ఆలోచించి నన్ను పిలిచాడు. నేను ఆయనకు ఎదురుగా నిలబడి, డాక్టరు చెప్పిన అంకెను చప్పుడు కాకుండా పెదవులతో అనాలి. ఆయన నా నోరు చూసి చెప్తాడు.

ఆ తర్వాత పది పన్నెండు రోజులు మా ఇంట్లో రోజూ అదే పని. అవ్వ ఆయన వెనక నిలబడి కుడి చెవి మూసి గొణిగేది. ఎదురుగా నేను పెదవులు కదిపేదాన్ని. ఆయన చెప్పేవాడు. ఏడుకూ ఎనిమిదికీ మొదట్లో తికమక పడేవాడు. అవ్వ నడుమ నడుమ అంకె మానేసి కూర పేరు చెప్పేది. నేను నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయేదాన్ని. నా చిన్నతనంలో మేము ముగ్గురం కలిసి అంతగా నవ్విన రోజులు మళ్ళీ లేవు. ఆ ఆట దేనికోసమో, అది గెలిస్తే ఏమవుతుందో నాకు తట్టనే లేదు.

నంద్యాల వెళ్ళే రోజున తెల్లవారే ఆయన నాకు జడ వేశాడు. మొదటి బస్సు ఎక్కాం. శిరివెళ్ళ దాటాక కుడివైపు నల్లమల కొండల మీద ఎండ పడింది. చిన్నాయన ఎప్పుడూ లేనంతగా మాట్లాడాడు. బళ్ళారి, హుబ్లీ, ఇంకా పైకి పోతే సముద్రం. లారీ ఎక్కితే అన్నీ చూడొచ్చన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూనే అడిగాను.

"అంత దూరం పోతే సాయంత్రానికి ఎట్లొస్తావు?"

"సాయంత్రానికి యాడొస్తా పాపా. నెలకోసారి వస్తాలే. ఒక్కోసారి రెండు నెలలు పడతాది."

ఆ మాట ఆయన సంతోషంగానే అన్నాడు. తర్వాత ఇంకా ఏవో ఊళ్ళ పేర్లు చెప్పాడు. నాకు అవేవీ వినపడలేదు. మా అరుగు, సాయంత్రాలు, రోడ్డు మీద పోయే ఎవరెవరివో లారీలు, అవే కళ్ళ ముందు తిరిగాయి.

డాక్టరు గారి దగ్గర చాలాసేపు బల్ల మీద కూర్చున్నాం. మా వంతు వచ్చాక పాపను బయట వదలమన్నారు. పాపను చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు సార్ అని చిన్నాయన చెప్తే సరే అన్నారు. డాక్టరు గారిది నెరిసిన జుట్టు, నిదానమైన మాట. చిన్నాయన ఎత్తు, రొమ్ము కొలిచారు. ఒంటి మీద పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో వెతికి రాసుకున్నారు. గోడ మీది అక్షరాలు చిన్నాయన కింది వరుస దాకా చదివాడు. రంగులు తడబడకుండా చెప్పాడు. అన్నిటికీ కాగితం మీద ఒక్కో గీత పడుతూ వచ్చింది. ఆ గీత పడినప్పుడల్లా ఆయన నా వైపు చూసి కళ్ళతో నవ్వాడు.

తర్వాత డాక్టరు గారు ఆయన వెనక్కి వెళ్ళారు. నేను అనుకున్న చోటికి వచ్చి నిలబడ్డాను. కుడి చెవి మూసి, ఐదు అన్నారు. నేను పెదవులు కదిపాను. ఐదు అన్నాడు చిన్నాయన. ఇరవై అన్నారు. ఇరవై అన్నాడు. మూడోసారి తొమ్మిది అన్నారు. అవ్వ గొణుగుడు కన్నా స్పష్టంగానే వినపడింది నాకు.

నేను నోరు మూసుకున్నాను.

భయపడి కాదు, మరిచిపోయి కాదు. చిన్నాయన నా నోటి వైపే చూస్తున్నాడు. డాక్టరు గారు మళ్ళీ తొమ్మిది అన్నారు. నేను తల దించుకొని నా కాళ్ళ వైపు చూశాను. కొంతసేపటికి చిన్నాయన గొంతు వచ్చింది.

"వినపల్యా సార్."

డాక్టరు గారు ముందుకు వచ్చి ఆయన ముఖం చూశారు. ఆ చూపు ఎటు ఉందో చూసి, దాని వెంబడే నా దాకా వచ్చారు. అంతా అర్థమైనట్టుంది. కోప్పడలేదు. చిన్నాయనను కూర్చోబెట్టి, ఒక చెవితో హారన్ ఏ పక్క నుంచి వస్తోందో తెలీదయ్యా, ఘాట్ రోడ్డులో అది నీ ఒక్కడి ప్రాణంతో పోయేది కాదని చెప్పారు. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించుకొమ్మని చీటీ రాసిచ్చారు. లారీ కాగితం మీద మాత్రం సంతకం చేయలేదు. మేము లేచినప్పుడు నా బుగ్గ తట్టి, "మంచి పని చేశావమ్మా. అబద్ధాన్ని సగంలో ఆపడం పెద్దవాళ్ళకే చేతకాదు" అన్నారు.

నన్ను అంతవరకు ఎవరూ అలా మెచ్చుకోలేదు. ఆ మెప్పు నాది కాదని ఆ క్షణానే తెలుసు. డాక్టరు గారు చెప్పింది సత్యం, ఆ సంతకం పడకపోవడమే న్యాయం. కానీ నేను ఆలోచించింది ఘాట్ రోడ్డు గురించి కాదు.

బస్టాండు దగ్గర చిన్నాయన నాకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెట్టించాడు. ఆయన తినలేదు. తిను పాపా, సల్లగైతాది అని మాత్రం అన్నాడు. సాయంత్రానికి ఇల్లు చేరాం. ఏమైందని అవ్వ అడిగితే, డాక్టరు వేరే తీరుగా చూశాడు, పాప ఏమి చేస్తాది అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. నేను కోరుకున్నది అదే. కానీ ఆ లారీ చోటు ఇంకొకరికి వెళ్ళింది. ఎందుకు కుదరలేదని యజమాని అడిగితే చిన్నాయన చెవి సంగతి చెప్పక తప్పలేదు. అన్నాళ్ళు దాచుకున్నది వారంలో ఊరంతా పాకింది. నిన్నటిదాకా మామూలుగా మాట్లాడినవాళ్ళు దగ్గరికొచ్చి గట్టిగా అరవడం మొదలుపెట్టారు. టీ అంగడి దగ్గర పేరు పోయి, చెవిటోడా అనే పిలుపు వచ్చింది. ఆయన బయటికి పోవడం తగ్గించాడు. సాయంత్రాలు నా పక్కనే అరుగు మీద కూర్చునేవాడు. అయినా నేను ఒక్కదాన్నే కూర్చున్నట్టు ఉండేది. మూడు నెలలు చూసి, బంధువు ఒకాయన వెంట బళ్ళారిలో పత్తి మిల్లులో పనికి వెళ్ళిపోయాడు. లారీ అయితే నెలకోసారి వచ్చేవాడు. మిల్లు నుంచి ఏడాదికోసారి వచ్చాడు. నేనే జడ వేసుకోవడం నేర్చుకున్నాను.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు అవ్వ పోయింది. దినాలు అయ్యాక చిన్నాయనను బస్సు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. అప్పటికి ఆయనకు పెళ్ళయింది, బళ్ళారిలోనే కాపురం. ఇంక ఇక్కడికి రావడానికి కారణం లేదని ఇద్దరికీ తెలుసు. బస్సు రావడానికి ఇంకా టైముంది. నేను ఆయన కుడివైపుకు వెళ్ళి నిలబడ్డాను.

"ఆ పొద్దు నంద్యాలలో నేను కావాలనే నోరు మూసుకున్నా చిన్నాయనా. నువ్వు పోతావని."

ఆయన బస్సు వచ్చే దారి వైపే చూస్తున్నాడు. నా ముఖం వైపు తిరగలేదు.

"తెల్సులే. నువ్వు తల దించుకుంటానే తెల్సింది."

"మరి ఒక్క మాట అడగలేదే?"

"ఏమని అడగల్ల? తొమ్మిదేండ్ల పాపను తెచ్చి ఆడ నిలబెట్టింది నేను. తప్పు నాది." మళ్ళీ తనే అన్నాడు. "పోవద్దు చిన్నాయనా అని నువ్వు నోరు తెరిచి అడిగింటే బాగుండు."

"అడిగింటే ఉంటాంటివా?"

"ఏమో. ఉండకపోతుంటినేమో. దుడ్లు కావల్ల గదా ఇంట్లోకి. అయినా అడిగింటే బాగుండు పాపా. నన్ను అడిగినోళ్ళు ఎవరూ లేరు."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. ఆ రోజు కూడా నేను ఉండమని అడగలేదు. బస్సు మలుపు తిరిగాక అక్కడే నిలబడి ఏడ్చాను. అన్నేళ్ళూ ఆయన లేక నేనొక్కదాన్నే ఒంటరినయ్యానని అనుకున్నాను. నాకు జడ వేసిన ఆ మనిషిని కూడా ఈ లోకంలో ఎవరూ ఉండమనలేదని ఆ పూటే తెలిసింది.

తర్వాత నాయన దగ్గర కొంతకాలం, హాస్టలులో కొంతకాలం ఉండి చదువుకున్నాను. టీచరు ఉద్యోగం చేశాను. పెళ్ళి మొదట కుదరలేదు, తర్వాత నేనే వద్దనుకున్నాను. ఇప్పుడు నంద్యాలలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మా వీధి చివర డ్రైవింగు స్కూలు ఉంది. ఫారాలు ఫోనులోనే నింపుతున్నారు గానీ, డాక్టరు సంతకం కోసం కుర్రవాళ్ళు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళు మాట్లాడుకుంటూ పోతుంటే, వీళ్ళలో ఎవరినైనా ఇంట్లో ఎవరైనా పోవద్దన్నారా అని అనుకుంటాను.

నా మట్టుకు నేను, ఆ బస్టాండు తర్వాత, మనసుకు దగ్గరైనవాళ్ళను ఉండమని అడగకుండా పంపలేదు. బదిలీ మీద వెళ్ళిపోతున్న స్నేహితురాలిని అడిగాను. ఇల్లు ఖాళీ చేస్తున్న పక్కింటివాళ్ళను అడిగాను. చాలామంది దాన్ని మర్యాద అనుకున్నారు, కొందరు నవ్వారు. ఒకరిద్దరు ఒక పూట ఆగారు. ఆగుతారని అడగడం కాదు. అడగకుండా, నోరు మూసుకొని నేను చేసినది ఏమిటో నాకు తెలుసు.

మొన్న చిన్నాయన వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. కుడి చెవి కూడా మందగించింది. రెండు రోజులుండి మూడో రోజు పొద్దున సంచి సర్దుకున్నాడు. నేను ఎదురుగా కూర్చొని, ఆయన ముఖంలోకి చూస్తూ, ఇంకో నాలుగు దినాలుండు చిన్నాయనా, నాకు ఒక్కదానికే తోచదు అన్నాను. ఆయన నా పెదవుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఇంటికాడ మనవరాలు ఎదురు చూస్తాంటాది పాపా అన్నాడు.

బస్సు ఎక్కించి ఇంటికి వచ్చి, ఒక్కదానికే అన్నం వడ్డించుకున్నాను. దుఃఖంగానే ఉండింది. కానీ తల దించుకోవలసిన దుఃఖం కాదు. నేను అడిగాను. ఆయన విన్నాడు. విని వెళ్ళాడు.