పసుపు పూసిన బండ

"ఆ బండ మీద గ్లాసు పెట్టకే, తడవుద్ది."

"రోజంతా తడితోలు పరిచి బాదేది దాని మీదే కదయ్యా. నా టీ గ్లాసు తడే కనపడిందా నీకు?"

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలు ఇవే. ఆయన నవ్వి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్లాడు. మళ్లీ లేవలేదు. పోయేముందు ఏమైనా చెప్పాడా అని పలకరించడానికి వచ్చినవాళ్లు అడిగితే, గ్లాసు తీయమన్నాడని చెప్పాను. పాపం, వాళ్లకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నాకు సంతకం పెట్టడం తప్ప రాత రాదు. ఈ బొంగురు గొంతుతో నేను చెబుతుంటే నా కోడలు కంప్యూటర్‌లో కొడుతోంది. నేను దగ్గితే అదీ రాసేస్తుందేమోనని నా భయం.

మా ఊళ్లో మాకు చెప్పుల కొట్టు ఉండేది. కొడుకు దగ్గరికి ఈ పరాయి దేశానికి, క్రాన్‌బర్న్ అనే ఈ ఊరికి వచ్చాక వాడు గరాజ్‌లో ఒక మూల మాకిచ్చాడు. ఇల్లు కట్టినప్పుడు వంటగట్టుకు పరచగా మిగిలిన రాతిముక్కను బల్ల మీద వేసుకుని, బెల్టుల మీదా పర్సుల మీదా ఆయన తీగలూ పూలూ దించేవాడు. తోలును తడిపి, దాని మీద ఇనప అచ్చు నిలబెట్టి, కొయ్య సుత్తితో కొడితే పువ్వు దిగుతుంది. కిందున్నది గట్టిగా, బరువుగా ఉండాలి. లేకపోతే దెబ్బంతా కిందికి పోయి పువ్వు పైపైన తేలిపోతుంది.

ఆయన పోయిననాడు ఆ బండ మీద కోడలి ఆఫీసు బ్యాగు మూత ఉంది. తీగ ఎడమ నుంచి బయలుదేరి సగం దాకా వచ్చి ఆగిపోయింది. కొత్త తోలు తెచ్చి మొదటినుంచి చేస్తే ఆయన సగం పోతుంది. చెయ్యకపోతే అది అలా సగంలోనే ఉండిపోతుంది. మిగతాది నేనే కొట్టాలని, కర్మలన్నీ అయ్యాక మూత బయటికి తీశాను. తీరా గరాజ్‌లోకి వెళితే బండ రెండు ముక్కలై ఉంది.

గరాజ్ సర్దుదామని నా కొడుకు దాన్ని గోడకు ఆనించి, ఆ తర్వాత కారు వెనక్కి తీశాడట.

"కారుకేం కాలేదులే అమ్మా," అన్నాడు.

"సంతోషం నాయనా. ఇక పూలు దాని బానెట్ మీదే కొట్టుకుంటాలే. ఆ కారుకి వెనక కళ్లున్నాయన్నావుగా?"

"కెమెరా అమ్మా. కింద ఆనించింది దాంట్లో కనపళ్లా."

మొహం చెల్లక వంటింట్లోంచి కూరగాయలు తరిగే చెక్క తెచ్చిచ్చాడు. పనికిరాని తోలుముక్క వేసి కొట్టి చూస్తే పువ్వు రాలేదు, దోమ కుట్టిన దద్దురు వచ్చింది. తర్వాత కోడలు గాజు పలక తెప్పించింది.

"రివ్యూస్ చాలా బాగున్నాయి అత్తయ్యా, అన్నీ ఫైవ్ స్టార్సే."

"వాళ్లు దాని మీద చపాతీలు చేసుకునుంటారే తల్లీ."

దాని మీదా ఆ పనికిరాని ముక్కే వేసి దెబ్బ వేస్తే అచ్చు ఎగిరిపడి, ఒక పువ్వు పడాల్సిన చోట రెండు పడ్డాయి. ఈ మాట దగ్గర నా కోడలు మూతి ముడుచుకుంది. రాయి అమ్మాయ్, జరిగిందే కదా.

చివరికి ముగ్గురం రాళ్లు కోసే చోటికి వెళ్లాం. వంటింటి కోసమనుకుని అక్కడి మనిషి తెల్లగా మెరిసేవన్నీ చూపించాడు. నా కన్ను మాత్రం మూలనున్న నల్లరాయి మీద పడింది. నాలుగు వేళ్ల మందం. నా కొడుకు ఒక్కడే ఎత్తబోయి వదిలేశాడు. అదే కావాలన్నాను. కోడలు ఆ మనిషితో మాట్లాడి నా చెవి దగ్గరికి వచ్చింది.

"అత్తయ్యా, అది హెడ్‌స్టోన్స్ చేయగా మిగిలిందంట. సమాధుల మీద పెట్టేది. ఇంట్లోకి ఏం బాగుంటుంది?"

"పేరేమన్నా చెక్కుందా?"

"లేదు."

"అయితే ఇంకా ఎవరిదీ కాదు. ఎక్కించండి."

కొత్తగా ఏ పనిముట్టు వచ్చినా, కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి గానీ ముట్టుకోం మేము. సమాధి అన్న మాట చెవిన పడింది కాబట్టి పసుపు కాస్త దట్టంగానే పూశాను. కొడుకు కొబ్బరికాయను దాని మీదే కొట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఒకదాన్ని పగలగొట్టింది చాల్లేదంట్రా?"

దణ్ణం పెట్టుకుని, ఆత్రం కొద్దీ బండను పైపైన తుడిచి, తడిపిన మూత పరిచేశాను. తడితోలు ఏది తగిలినా పీల్చుకుంటుంది. బతుకంతా చేసిన పనే, అయినా ఆ క్షణాన తోచలేదు. ఒక్క దెబ్బ వేసి మూత ఎత్తి చూస్తే వెనకంతా పెళ్లికూతురి పాదాల్లా పచ్చగా ఉంది. వెనకే కదా అనుకుని తిప్పాను. ముందువైపు, ఆయన కొట్టిన చివరి పువ్వు మీద పచ్చగా నా బొటనవేలి ముద్ర.

అక్కడే బకెట్ బోర్లించుకుని కూలబడ్డాను. నా సగం పాడైతే ఏడ్చేదాన్ని కాదు. పాడయింది ఆయన సగం.

"సోప్ పెట్టి రుద్దనా అత్తయ్యా?"

"ముట్టుకోమాక. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుద్ది, రుద్దితే పువ్వు చెరిగిద్ది."

చీర మీది పసుపు మరక ఎండకు పోతుంది. తోలు మాత్రం ఎండకు ముదురుతుంది. ఏది ముందు జరుగుతుందో తెలియదు. అయినా ఇంకో దారి లేక, పెరట్లో కుర్చీ మీద మూతను ఎండబెట్టాను. ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే, కాసినట్టే కాసి చినుకు పడుతుంది. మబ్బు పట్టినప్పుడల్లా కోడలు ఇంట్లోంచే చేసే ఆఫీసు మీటింగ్ మధ్యలోంచి లేచి పరుగెత్తి తెచ్చేది. వడియాలకు కూడా నేను అంత కాపలా కాయలేదు.

పసుపు వెలిసిపోయింది. తోలు మొత్తం తేనెరంగుకు తిరిగింది.

ఈసారి బండను కొడుకు చేత తోమించి, తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డకు ఏమీ అంటలేదని చూశాకే మూత తడిపాను. అచ్చు నిలబెట్టి కొట్టాను. బండ కదల్లేదు, అచ్చు ఎగరలేదు. కానీ ఆయన దెబ్బ లోతు, నాది పలచన. ఆయనలా కొడదామని బలం పెడితే భుజం పట్టేసింది. పోనీలెమ్మని నా చేతికి వచ్చినట్టే కొట్టుకుంటూ తీగను చివరిదాకా తీసుకెళ్లాను. ఆయన ఎక్కడ ఆగాడో, నేను ఎక్కడ అందుకున్నానో చూసినవాళ్లకు తెలిసిపోతుంది.

ఆ బ్యాగే ఇప్పుడు కోడలు ఆఫీసుకు తగిలించుకు వెళుతోంది. సగం నుంచి పూలు మెత్తబడ్డాయేమిటని అక్కడెవరో అడిగారట. డిజైనే అంత అని చెప్పిందట.

ఇక చాలమ్మాయ్, గొంతు పోయింది. మొదటినుంచి ఒకసారి చదివి వినిపించు. నీ గురించి అన్నవి తీసేశావేమో చూడాలి.