మా సందు మొగలో పికప్

నేను ఇంతకుముందు రాయలేకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. బడికి వెళ్ళొద్దని నన్నెవరూ కొట్టలేదు. మా అమ్మ ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటలో చేపలు కొని ఇంటింటికీ తిరిగి అమ్మేది. తెల్లవారకముందే నేనూ ఆమె వెనకే. ఎండెక్కాక అదే గౌనుతో బడికి వెళ్తే మాస్టారు నన్ను కిటికీ పక్కన, అందరికీ దూరంగా కూర్చోబెట్టేవారు. కిటికీ అవతల ఒక పిల్లి వచ్చి కూర్చునేది. అది నన్నే చూసేది, నేను దాన్నే చూసేదాన్ని. పలక మీద ఏం జరిగిందో మా ఇద్దరికీ తెలియలేదు. తర్వాత పెళ్ళి, పిల్లలు, పెందుర్తిలో ఇల్లు. జుట్టంతా నెరిశాక మా కోడలు నాకు అక్షరాలు నేర్పింది.

ఆ నేర్పడం వెనక ఒక కథ ఉంది. కోడలికి ఉద్యోగం రాకముందు మేమిద్దరం పొద్దస్తమానం ఒకే వంటింట్లో ఉండేవాళ్ళం. నేను పోపులపెట్టె పొయ్యికి కుడిపక్కన పెడితే ఆమె ఎడమపక్కకి మార్చేది. నేను మళ్ళీ కుడికి. నోటితో మాట్లాడుకోవడం మానేసి, గిన్నెల చప్పుడుతో మాట్లాడుకునేదాకా వెళ్ళింది వ్యవహారం. అప్పుడు ఆమెకి అచ్యుతాపురంలో ఒక కంపెనీలో పని దొరికింది. పగలంతా ఆమె అక్కడ, నేను ఇక్కడ. సాయంత్రానికి ఒకరికొకరం ముద్దొచ్చేవాళ్ళం. ఆ ముద్దులోనే ఒకరోజు పలక కొనుక్కొచ్చి నా చేత 'అ' దిద్దించింది.

చిక్కల్లా బస్సుతో వచ్చింది. కంపెనీ బస్సు మా సందు ముందునుంచే పోతుంది, ఆగదు. జంక్షన్ దాకా నడిచి ఎక్కాలి. దారిలో కుక్కలు. వాటిలో ఒకదానికి కోడలి క్యారేజీ సంచి మీద కన్ను పడింది. ఒక పొద్దున్న కోడలు ఒంటి చెప్పుతో, సంచి లేకుండా, బస్సు తప్పిపోయి ఇంటికొచ్చింది.

"అత్తా, నాను మానేత్తాను. ఇంట్లోనే ఉండి నీకు సాయం సేత్తాను" అంది.

నేను పోపులపెట్టె వైపు చూశాను.

మర్నాడు కర్ర పట్టుకుని నేనే ఆమెని జంక్షన్ దాకా దిగబెట్టి, డ్రైవర్ని అడిగాను.

"బాబూ, మా సందు మొగలో ఒక్క బ్రేకు ఎయ్యకూడదేటి?"

"అది పికప్ పాయింటు కాదు పిన్నీ. బోర్డు లేదు, జనం లేరు. ఒక్క మనిషికి ఆపితే రేపు పతీ గుమ్మం కాడా ఆపమంటారు."

బోర్డు, జనం. జనం నా చేతిలో లేరు. బోర్డైతే రాయగలను కదా! పాత బీరువా అర ఒకటి ఊడదీశాను. గేటుకి వేయగా మిగిలిన నీలం రంగు ఉంది. డ్రైవరుకి దూరం నుంచే కనపడాలని అక్షరాలు ఒక్కోటీ అప్పడమంత రాశాను. 'పికప్' అయ్యేసరికి చెక్క అయిపోయింది.

"ఏటత్తా, రెండో ముక్క ఏదీ?" అంది కోడలు.

"సెక్క అయిపోనాది. అర్థమైపోద్దిలే."

కరెంటు స్తంభానికి కట్టేశాను. నిజంగానే అందరికీ అర్థమైపోయింది. కాకపోతే ఎవరి అర్థం వాళ్ళది.

మొదట స్కూలు ఆటో పిల్లలు వచ్చి దాని కింద బ్యాగులు పడేశారు. తర్వాత ఒకామె, కొన్న చీర నచ్చక తిరిగి పంపేయడానికి పార్సిల్ అబ్బాయి కోసం నిలబడింది. ఇల్లు మారేవాళ్ళకి సామాన్లు మోసే వ్యాను ఒకటి వచ్చి ఆగి, లోడు ఎక్కడ అని అడిగింది. ఒక కుర్రాడు మోటారుసైకిల్ తోసుకుంటూ వచ్చి, "మామ్మా, బండికి పికప్ లేదు, గట్టు ఎక్కట్లేదు. ఇక్కడ సేత్తారు కదా?" అన్నాడు.

"నాకు సైకిలే రాదు నాయనా."

"మరి బోర్డెందుకెట్టారు?" అని నన్నే కసిరాడు.

స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన ఒకాయన మా పక్కింట్లో ఉంటారు. ఆయనకి పొద్దుటే మాట్లాడ్డానికి మనిషి కావాలి. ఇంతమంది దొరికేసరికి కుర్చీ తెచ్చుకుని బోర్డు కింద వేసుకున్నారు.

"ఫోనెత్తితే పికప్. జొరం తగ్గి లేసి కూకుంటే పికప్. మొదటి సగం నిద్రొచ్చిన సినిమా రెండో సగంలో పికప్. మా మనవడు రెండు ఇంగ్లీషు ముక్కలంటే అదీ పికప్పే. మరి నీది ఏ రకం సెల్లెమ్మా?"

"నాది బస్సెక్కే రకం అన్నయ్యా."

మా ఇంట్లో తువ్వాలు ఒకటుంది. మొహం తుడుచుకుంటాం, వేడి గిన్నె దించుతాం, దోమని కొడతాం. ఈ మాట కూడా అలాంటిదే అనిపించింది. ఎవరూ ఉతికినట్టు లేదు.

జనం ఉన్నచోటికి ఇడ్లీ బండి రాకుండా ఉంటుందా? ఒకామె వచ్చి బండి పెట్టింది. "నీ బోర్డు వల్ల నా యాపారం పికప్పయిపోనాది వదినా" అని నాకు రెండు ఇడ్లీలు ఊరికే పెట్టింది.

అప్పుడు బస్సు వచ్చింది. బోర్డు ఉంది, జనం ఉన్నారు. డ్రైవరు బ్రేకు వేశాడు. తలుపు తెరుచుకుంది. మా కోడలు ఎక్కింది. డ్రైవరు మిగతావాళ్ళ కోసం చూస్తున్నాడు. మిగతావాళ్ళు డ్రైవర్ని చూస్తున్నారు.

"ఎక్కండి!" అన్నాడు.

"నాను రిటైరైపోనాను బాబూ" అన్నారు పక్కింటాయన.

"మాకు ఆటో ఉంది" అన్నారు పిల్లలు. చీరావిడ చీర చూపించింది.

డ్రైవరు కిందకి దూకాడు. "ఇంతమందిని సూపించి ఒక్క గుంటని ఎక్కిత్తారేటి? ఎవులు కట్టారీ బోర్డు? రేపట్నుంచి ఈ రోడ్డున..."

నేను బండి వెనక్కి తప్పుకోబోతుంటే బండామె ఇడ్లీపాత్ర మూత తీసింది. ఆవిరి డ్రైవరు మొహానికి తగిలింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ప్లేటు అందుకున్నాడు. బస్సులోంచి ఎవరో హారను కొడుతున్నా రెండో ప్లేటు కూడా అందుకున్నాడు.

"నానే రాసాను బాబూ" అన్నాను, ఇదే అదును అని.

"సగమే రాసావేటి పిన్నీ?"

"సెక్క సాల్లేదు."

పడీపడీ నవ్వాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఇడ్లీ ఉన్నన్నాళ్ళూ ఆపుతాను. ఇడ్లీ లేని రోజు ఆగేది లేదు, ముందే సెప్తన్నాను" అన్నాడు. సరదాకి అన్నాడో, నిజంగా అన్నాడో మాకు తెలియదు. పరీక్షపెట్టి తెలుసుకునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

అలా కొన్నాళ్ళు సుఖంగా గడిచింది. ఒకరోజు బస్సు వెళ్ళాక బండామె అంట్లు సర్దుకుంటూ, "రేపు రాను వదినా, సర్చిలో మా అన్నకూతురి పెళ్ళి" అంది.

"ఓలమ్మో! ముందు సెప్పొద్దేటి?" అన్నాను.

"నీకెందుకు, నువ్వు పెళ్ళికూతురివేటి?" అని నవ్వుకుంటూ పోయింది.

ఇంటికి పరుగెత్తి మినపప్పు నానబోశాను. సాయంత్రం రుబ్బి, గిన్నెకి దుప్పటి కప్పాను. కోడలు అది చూసి ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది.

మర్నాడు పొద్దున్నే రెండు వాయిలు దించి, ఇడ్లీగిన్నె చంకన పెట్టుకుని, చట్నీ చెంబు చేత్తో పట్టుకుని స్తంభం దగ్గర నిలబడ్డాను. బస్సు కనపడగానే మూత తీసి పైకెత్తి ఊపాను. ఆగింది. కోడలు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. డ్రైవరు ఒక ముక్క చట్నీలో ముంచి నోట్లో పెట్టుకుని, కాసేపు ఎటో చూశాడు. ఉప్పు మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.

"పిన్నీ, నీకు రాతే మేలు" అన్నాడు. ఇంకో రెండు పెట్టించుకునే వెళ్ళాడు.

మిగిలిన ఇడ్లీలు పక్కింటాయనకి తీసుకెళ్ళాను. ఆయన మాట్లాడుతూ తింటారు కాబట్టి రుచి తెలియదు.