మేస్త్రిగారి మేడమీద చేపల పెళ్లి

మా ఇంటి ఓనరు మేస్త్రిగారు పోయారు. పోయిన బుధవారం పొద్దున ఆసుపత్రిలో గుండె ఆగిపోయిందని వాళ్లావిడ ఫోన్ చేశారు. నేనప్పుడు ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. చాక్‌పీసు బల్లమీద పెట్టి వరండాలోకి వచ్చి ఏడ్చాను. మర్నాడు సమాధుల తోటలోనూ ఏడ్చాను. అయినా ఇది ఏడుపు రాత కాదు. ఆదివారం జరిగింది ఎవరికైనా చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు. అందుకని ముందు ఆయనెవరో గబగబా చెప్పేస్తాను.

ఆయన ఆటోనగర్లో లారీ రేడియేటర్లు బాగుచేసేవారు. షెడ్డు మూసేశాక గుణదలలో తన మేడమీద సిమెంటు తొట్లు పెట్టుకుని గోల్డ్‌ఫిష్‌లు పెంచారు. కింది వాటాలో అద్దెకుండే నేను రోజూ కాఫీ గ్లాసుతో పైకెక్కేదాన్ని. చేపలు మేత తిన్నాకే ఆయన ఇడ్లీ తినేవారు. నీళ్లలో వేలు పెట్టాలంటే సబ్బు ముట్టకూడదు. "ఉత్తనీళ్లతో కడుక్కోండి టీచరమ్మా. ఆ సబ్బు వాసన మీకు బాగుంటది, మావాళ్లకి విషం" అనేవారు. మావాళ్లంటే చేపలే. మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కడం మానేసిన వాళ్లావిడ, మా ఆంటీగారు, "మీవాళ్లతోనే కాపరం చెయ్యండి" అని కిందనుంచి కేకేసేవారు.

మావాళ్లలో ఒక ఆడచేప ఉంది. తెల్లటి ఒళ్లు, నెత్తిన ఎరుపు, తోక చివర ఎరుపు. ఆ రంగు కోసం ఆయన ఏళ్ల తరబడి పిల్లల్ని ఏరి ఏరి పెంచారు. కిందటి ఎండలకు దాని తోబుట్టువులన్నీ చచ్చిపోయి ఇదొక్కటే మిగిలింది. దీనికి పిల్లలు పుట్టకపోతే ఆ రంగు అక్కడితో ఆఖరు. ఇంకో ఎండాకాలం తట్టుకుంటుందన్న నమ్మకం ఆయనకు లేదు.

క్రిస్మస్ సెలవుల్లో మైలవరంలో వాళ్లమ్మాయి ఇంటికి వెళుతూ మావాళ్లను నాకు అప్పగించారు. రెండోరోజు పొద్దున పైకెళ్లి చూద్దును కదా, రెండు చేపలు ఆ ఆడచేప వెంటపడి తరుముతున్నాయి. తొట్టి చుట్టూ తిప్పి తిప్పి, మూతులతో పొట్టలో పొడిచి, గోడకేసి నొక్కుతున్నాయి. ఒక పొలుసు ఊడి నీళ్లలో తేలింది. పైగా ఆ రెండింటి చెంపల మీదా తెల్లటి చుక్కలు. రౌడీలు, అందులోనూ రోగిష్టి రౌడీలు అనుకున్నాను. క్లాసులో కొట్టుకునేవాళ్లను విడదీసి చెరో మూల కూర్చోబెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆడచేపను వేరే తొట్టిలో వేసి, మిగతా రెండింటికీ ఉప్పునీళ్ల వైద్యం మొదలుపెట్టి, ఎంతో ఘనకార్యం చేసినట్టు ఆయనకు ఫోన్ కూడా చేశాను.

సాయంత్రానికల్లా ఆయన బస్సెక్కి వచ్చేశారు. తిరగేసిన పెయింటు డబ్బా మీద కూర్చుని చాలాసేపు తొట్టివైపు చూశారు.

"అవి కొట్టుకుంటం లేదండీ. మగది అట్టా తరిమితేనే ఆడది గుడ్లు పెడతది. ఆ చుక్కలు జబ్బు కాదు, ఈడొచ్చిన మగచేప గుర్తు. మీరు పెళ్లిపీటల మీంచి లేపేశారు."

"ఇప్పుడు మళ్లీ కలిపితే?"

"రాగానే కలిపి చూశాను. దాని మొహం కూడా చూట్టం లేదు. ఇంక కడుపులో గుడ్లు కడుపులోనే కరిగిపోతయ్యి."

నాకు తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఆయన నన్ను పైకి పిలవలేదు. మూడోరోజు ఏలూరు కాలవ నుంచి గుర్రపుడెక్క మొక్కలు తెచ్చి, దాని వేళ్లు కడుగుతూ తనే కేకేశారు. గుడ్లు ఆ వేళ్లకు అతుక్కుంటాయట. పెట్టడం అయిపోగానే తల్లీ తండ్రీ వాటిని తినేస్తాయట, వెంటనే పెద్దచేపల్ని తీసెయ్యాలట. అన్నీ చెప్పి, "ఈసారి మాత్రం చెయ్యి పెట్టమాకండి. చూస్తా ఉండండి, అంతే" అన్నారు.

ఆ ఈసారి కోసం ఇద్దరం జనవరి అంతా కాచుకుని కూర్చున్నాం. రాలేదు. ఈలోపే ఆయన వెళ్లిపోయారు. ఆయనకు నేను చేసిన నష్టం అలాగే మిగిలిపోయిందన్న బాధ ముల్లులా గుచ్చుతూనే ఉంది.

శనివారం సాయంత్రం ఆంటీగారు పిలిచి, "నేను మేడ ఎక్కలేను. వాటి ఉసురు నాకెందుకమ్మా. రేపు మధ్యాన్నం చేపల షాపతను వచ్చి పట్టుకుపోతానన్నాడు" అన్నారు. చేపలు ఆవిడవి. పైకెళ్లి చివరిసారిగా సగం నీళ్లు మార్చి వచ్చాను.

ఆదివారం తెల్లవారుతుండగా వాటిని ఒకసారి చూసుకుందామని వెళితే, తరుముడు! అదే ఆడచేప, అవే రెండు మగచేపలు. నీళ్లు ఎగిరి నా మొహం మీద పడుతున్నాయి. వాటికంటే నా గుండె ఎక్కువ పరుగెడుతోంది. దాన్ని గోడకేసి నొక్కినప్పుడల్లా నా చేతులు వాటంతటవే ముందుకెళుతున్నాయి. ఇలా కాదని గట్టిగా చేతులు కట్టుకున్నాను. మళ్లీ పొలుసు ఊడింది. అబ్బా అనుకున్నాను కానీ కదల్లేదు. ఎండ మేడమీదికి వచ్చేదాకా అలాగే నిలబడ్డాను. అప్పుడు అది గుర్రపుడెక్క వేళ్లలోకి దూరి ఒళ్లు విదిలించింది. మగచేపలూ పక్కనే దూరాయి. వేళ్లనిండా ఆవగింజలంత గుడ్లు, తేనెరంగులో.

పిట్టగోడ దగ్గరికి పరుగెత్తాను. "ఆంటీగారూ, షాపతన్ని రావద్దనండి. పెట్టేసింది."

"ఏం పెట్టింది?"

"గుడ్లండీ. వేళ్లనిండా గుడ్లే."

మెట్లమీద అడుగుల చప్పుడు వినిపించింది. గోడ పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ ఆంటీగారు పైకొచ్చారు. తొట్టిలోకి వంగి చూసి, "నాలుగు రోజులు ఆగితే ఆయనా చూసేవారు కదమ్మా" అని భోరుమన్నారు. నేనూ ఏడ్చాను, ఆనందం పట్టలేక నవ్వుతూ ఏడ్చాను. పెద్దచేపల్ని తీసి పక్క తొట్టిలో వేశాను. షాపతనికి ఆంటీగారే ఫోన్ చేశారు.

ఇవాళ బుధవారం. పొద్దున పిల్లలు బయటికొచ్చాయి. కనురెప్ప వెంట్రుకలంత సన్నగా తొట్టిగోడకు అంటుకుని ఉన్నాయి. ఇంకా రంగేమీ లేదు. తల్లి రంగు వేటికొస్తుందో, అసలు వస్తుందో రాదో, నెలలు గడిస్తేగాని తెలియదు. ఎండ ఎక్కుతోంది. ఆంటీగారు పమిట చెంగు చాపి తొట్టికి అడ్డం పట్టారు. "గోనెపట్టా కప్పుతాను, మీరు కూర్చోండి" అన్నాను.

"కప్పితే నాకెట్టా కనపడతయ్యమ్మా?" అన్నారు.

నాకు బడికి టైమవుతోందని దిగి వచ్చేశాను. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూస్తే, మేడమీద ఆవిడ ఇంకా అలాగే వంగి, రెండు చేతులా చెంగు పట్టుకుని ఉన్నారు.