పొట్టేలు పర్మిట్‌కి పీటల మీద ఇద్దరం

నా పాయింట్లు సగం కోసేశారు. నేను దొంగచాటుగా ఏ జంతువునీ కాల్చలేదు. పెళ్లాన్ని కలుపుకుని అప్లికేషన్ పెట్టుకున్నాను, అంతే.

మేం వలసొచ్చిన ఈ దేశపు కొండల్లో బిగ్‌హార్న్ అనే అడవి గొర్రెలుంటాయి. వాటి పొట్టేలుని వేటాడాలంటే వేటశాఖవాళ్లు ఏటా తీసే లాటరీ డ్రాలో పేరు తగలాలి. తగలని ఏడాదికో పాయింటు ఇస్తారు. పాయింట్లు పెరిగేకొద్దీ ఆశ పెరుగుతుంది. గనిలో వెల్డింగ్ చేసినన్నాళ్లూ, రిటైరయ్యాకా, ఒక్క ఏడాదీ అప్లికేషన్ మానలేదు నేను. బడి ముఖం సరిగ్గా చూడనివాణ్ణి, ఇంగ్లీషు నేర్చుకుందే వేట రూల్స్ పుస్తకం చదివి. ఇప్పుడేమో మోకాళ్లు "ఇంకో ఏడాది, మహా అయితే రెండు" అంటున్నాయి.

ఈసారి అప్లికేషన్‌లో, ఇంకెవరితోనైనా కలిసి వేస్తున్నారా అని అడిగారు. గృహప్రవేశానికైనా వ్రతానికైనా మనవాడు పీటల మీద ఒక్కడే కూర్చుంటాడా? మా ఆవిడ పేరు రాశాను. వేటకి ముందు పాసవ్వాల్సిన వేటగాళ్ల క్లాసు కార్డు ఆవిడకీ ఉంది. నాకు తోడొచ్చి కూర్చుని, నాకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. బైనాక్యులర్స్‌లో నేను బండరాయిని చూసి మురిసిపోతుంటే, "అది కాదండీ, దాని పక్కన మిమ్మల్ని చూసి నవ్వుతోందే, అదీ పొట్టేలు" అనేది కూడా ఆవిడే.

తీరా చూస్తే, నా పాయింట్లకి ఆవిడ సున్నా కలిపి రెండుతో భాగించారు!

"పొట్టేలుకి కూడా నన్ను పీటల మీద కూర్చోబెట్టాలా?" అని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"నవ్వకు. వాళ్లకి రాస్తా."

"రాయండి. కొంగుముడి వెయ్యలేదు, అందుకే చెల్లదని కూడా రాయండి."

రాశాను. పక్కన భార్య ఉంటే మాలో ఫలం రెట్టింపవుతుంది గాని సగం కాదని గట్టిగానే రాశాను. జవాబొచ్చింది. ఆవిడే గరిటె పక్కన పెట్టి, నవ్వుతూ పైకి చదవడం మొదలుపెట్టింది. చివరికొచ్చేసరికి నవ్వు ఆపి నా వంక చూసింది. నేను ఎగిరి గంతేశాను, మోకాళ్ల సంగతి మరిచి. ఆ జవాబు ఇదీ:

"అయ్యా, కలిసి వేసినవాళ్ల పాయింట్లు సగటు చేయడం రూలు, మార్చలేం. అయితే మీ ఉత్తరం అందేలోపే డ్రా తీశాం. మీ అప్లికేషన్‌కి తగిలింది. పర్మిట్లు రెండు, మీకొకటి, మీ శ్రీమతికొకటి. ఒకరి పర్మిట్ మీద ఇంకొకరు కాల్చరాదు. ఆమె పొట్టేలుని ఆమే కాల్చాలి."