టైపుకి ఇవ్వని ఉత్తరం

మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఎనభైల మొదట్లో ఒక ఏప్రిల్ నెల. గుమాస్తా గాజు గ్లాసులో సోడా పొడి కలిపిన నీళ్ళలో రెండు చేతుల వేళ్ళూ ఒకదాని తరవాత ఒకటి ముంచి తీశాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

లంచం పుచ్చుకున్న చెయ్యి అయితే ఆ నీళ్ళు గులాబీ రంగులోకి తిరగాలి. నోట్లకి మేం ముందే ఒక పొడి రాసి పంపిస్తాం. అది కంటికి కనపడదు గానీ చేతికి అంటుకుంటుంది, సోడా నీళ్ళు తగిలితే బయటపడుతుంది. ప్రభుత్వోద్యోగుల నడవడి చూసే శాఖలో, విశాఖపట్నంలో, ట్రాపు వేసి మనుషుల్ని పట్టుకునే విభాగానికి అప్పుడు నేను పెద్దని. అలాంటి గ్లాసులు చాలా చూశాను. రంగు తిరగకపోవడం ఆ ఏడాది అది మూడోసారి.

గుమాస్తాకి కోపం లేదు, కంగారు లేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "కూర్చోండి సార్, టీ తాగుదురుగాని," అన్నాడు. ఆ మాట పూర్తవకుండానే టీ కొట్టు మనిషి లోపలికొచ్చాడు. అతని చేతిలో ఏడు గ్లాసులున్నాయి. మేం వచ్చింది ఏడుగురం. మా డ్రైవరు కింద జీపులో కూర్చుంటే అతనికీ ఒక గ్లాసు పంపించాడు. ఫిర్యాదు చేసిన మనిషికి మాత్రం ఇవ్వలేదు.

మేం గదిలోకి వచ్చి పది నిమిషాలు కాలేదు. ఏడు టీలు చెప్పడానికి, పెట్టడానికి, మెట్లెక్కి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. నేను ముట్టుకోలేదు.

ఆ ఫిర్యాదుదారు పొలం ఉక్కు కర్మాగారం కిందకి పోయింది. భూమి పోయిన ఇంట్లో ఒకరికి ఉద్యోగమన్నారు. దానికి ఒక ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం ఈ గుమాస్తా బల్ల మీద ఎనిమిది నెలలుగా కూర్చుంది. కిందకి దిగాక ఆయన నా మొహంలోకి చూడకుండా చెప్పాడు.

"నానిస్తే తీసుకోనేదు బావూ. మొన్నటిదాకా నోరు తెరిసి అడిగినోడు ఇయాల డబ్బులేటి, దేనికి అన్నాడు. ఆడికి ఎవులో సెప్పీసినారు."

నా అనుమానమూ అదే. మూడుసార్లు ఇలా పోయిందంటే మా ఆఫీసు మనిషే ఎవరో చెప్పారన్నమాట.

ఆఫీసుకొచ్చి తలుపేసుకుని లెక్కవేశాను. ఫిర్యాదు సోమవారం మధ్యాహ్నం వచ్చింది. చదివింది నేను. టైపు కొట్టింది టైపిస్టు. మిగతావాళ్ళకి మంగళవారం ఉదయం ఆరు గంటలకి గానీ ఏ ఆఫీసో, ఏ మనిషో చెప్పలేదు. అయినా అందర్నీ అనుమానించాను. నా కింద ఇనస్పెక్టరుకి నా కుర్చీ మీద కన్నుంది. డ్రైవరుకి నోరాగదు. కానీ ఎటు తిప్పినా సోమవారం నాటికి తెలిసిన మనిషి ఒక్కర్తే.

ఆమెకి ముప్పై ఏళ్ళుంటాయి. మల్కాపురం నుంచి బస్సులో వచ్చేది. భర్త మా శాఖలోనే కానిస్టేబులు, జ్వరంతో పోతే ఆ ఉద్యోగానికి బదులు ఈమెకి టైపిస్టు పని ఇచ్చారు. ఇంకా పర్మనెంటు కాలేదు. ఇద్దరాడపిల్లలు, అత్తగారు, ఈ జీతం. ఆదివారం చర్చి. మాట్లాడేది తక్కువ. మా ఆఫీసులో చేరింది ఆ జనవరిలో. రంగు తిరగకపోవడం మొదలైందీ ఆ ఏడాదే. పైగా ఆ సోమవారం అరగంట ముందు వెళ్తానని అడిగి వెళ్ళింది. ఆమె పెదతల్లి కొడుకు ఆ గుమాస్తా ఆఫీసులోనే అటెండరని ఇనస్పెక్టరు ఎక్కడో విని నాకు మోసుకొచ్చాడు. ఇనస్పెక్టరు మీద అనుమానం పక్కన పెట్టి ఆ మాట పట్టుకున్నాను.

పిలిచి అడిగాను. చిన్నపిల్లకి కళ్ళకలక, ఆసుపత్రికి తీసుకెళ్ళానంది. చీటీ ఉందా అన్నాను. మర్నాడు తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద తేదీ, ముద్ర అన్నీ ఉన్నాయి. చీటీలు పుట్టించడం ఎంతసేపు అన్నాను. అప్పుడు ఆమె, "మీరు నన్ను అడగడం లేదు సార్, నాకు చెప్తున్నారు," అంది. ఆ సాయంత్రం నుంచి ఇంటికెళ్ళేముందు నా బల్ల దగ్గరికొచ్చి చేతిసంచీ విప్పి చూపించేది. టిఫిను గిన్నె, దువ్వెన, బైబిలు, బస్సు టిక్కెట్లు. సిగ్గులేకుండా చెప్తున్నాను, నేను చూసేవాణ్ణి. బైబిలు పేజీలు కూడా తిప్పాను.

మా హెడ్డు కానిస్టేబుల్ని మూడు రోజులు ఆమె వెనక పంపాను. బస్సెక్కింది, మల్కాపురంలో దిగింది, కవళ్ళ చేపలు కొంది, ఇంటికెళ్ళింది. బుధవారం మాత్రం ప్రార్థన కూటానికి వెళ్ళింది.

"ఆ కూటంలో ఎవరికి ఏం చెప్పింది?" అన్నాను.

హెడ్డు నాకంటే రెండేళ్ళు పెద్ద. "దేవుడికి సెప్పుకుంటారు సార్. ఆయన్ని కూడా పిలవమంటారా ఆఫీసుకి?"

నాకు నవ్వు రాలేదు.

హైదరాబాదుకి ఉత్తరం రాయాలనుకున్నాను. ఆమెను సస్పెండు చెయ్యమని. అది టైపుకి ఎవరికివ్వను? ఆఫీసులో టైపొచ్చింది ఆమెకొక్కదానికే. తెల్లకాగితాలు, కలం, కార్బను తెప్పించుకున్నాను. ఏ ఉత్తరమైనా నోటితో చెప్పడమే తప్ప నేను కూర్చుని రాయగా ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. తలుపు సందులోంచి ఆమె చూసింది. మిషను చప్పుడు ఆగిపోయింది. రెండు పేజీలు రాయడానికి నాకు ఆ పూటంతా పట్టింది.

రాయడం నాకు అంత తేలిక కాదు. పందొమ్మిదేళ్ళ దాకా అక్షరం ముక్క రాదు నాకు. పోర్టులో మూటలు మోసేవాణ్ణి. ఒకసారి నాలుగు రోజులు ఓడ దగ్గర పనిచేస్తే, మేస్త్రీ పుస్తకం తిరగేసి నీ పేరు రాసి లేదురా అన్నాడు. నా వీపు కొట్టుకుపోయి ఉంది, అయినా పుస్తకంలో లేదు కాబట్టి నేను రానట్టే. తోటి కళాసీ ఒకాయన అన్నం గంటలో మూటల మీద నల్లరంగుతో కొట్టిన అక్షరాలు చూపించి చదివించాడు. అందుకే నాకు ముందు ఇంగ్లీషు అక్షరాలొచ్చాయి, ఆ తరవాత తెలుగు. కానిస్టేబులుగా చేరాను. ముప్పై దాటాక మెట్రిక్కు. ఒక్కో పరీక్షా రాసుకుంటూ ఈ కుర్చీకొచ్చాను. కాగితం మీద ఉన్నదే నిజం అనే పిచ్చి అప్పుడు పట్టుకుంది నాకు. ఆ పిచ్చి ఏం చేసిందో చెప్తాను.

మేం పట్టుకోవడానికి వెళ్ళినప్పుడల్లా వేరే ప్రభుత్వాఫీసు నుంచి ఇద్దరు మధ్యవర్తులు మాతో రావాలి. డబ్బు పోలీసులే జేబులో కుక్కారని రేపు ఎవడూ అనకుండా వాళ్ళు సాక్షులు. నాకు ముందున్న పెద్దాయన తెల్లవారి ఏదో ఒక ఆఫీసుకి పోయి, కనపడిన ఇద్దర్ని జీపెక్కించుకునేవాడు. కాగితం లేదు, పత్రం లేదు. నేనొచ్చి, ఆ ఏడాది మొదట్లో అది మాన్పించాను. ముందురోజు సాయంత్రం అయిదింటికి సీలు వేసిన కవరు పంపేవాణ్ణి, రహస్యమైన పనికి ఇద్దర్ని పంపమని. ఎదుటి రోడ్డులో ఒక ఆఫీసు పెద్ద ఎప్పుడూ కాదనేవాడు కాదు. ఎప్పుడూ ఆయనకే పంపేవాణ్ణి.

టైపిస్టు మీద ఉత్తరం హైదరాబాదు వెళ్ళి రెండు వారాలైంది. ఇంకో ఫిర్యాదొచ్చింది. ఈసారి ఎవర్నీ నమ్మదల్చుకోలేదు. మధ్యవర్తుల కోసం కవరు నేనే రాశాను, నేనే అంటించాను, నేనే పట్టుకెళ్ళాను. ఆ ఆఫీసు గుమ్మంలో స్టూలు మీద ముసలి అటెండరు కూర్చున్నాడు. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి. కవరు చూసి లేచి నిలబడ్డాడు.

"రేపేటి సార్, ట్రాపా?"

ఒళ్ళు మండింది నాకు. ఎవరు చెప్పారని గట్టిగానే అడిగాను. అతను జంకలేదు. చెప్పేదేముంది అన్నాడు. మీ కవరొచ్చిన సాయంత్రం మా గుమాస్తాలిద్దరు రేపటి పని ఇయాలే ముగించీసి, తెల్లారగట్ట లేవాలని గొణుక్కుంటూ ఇంటికెళ్తారు. అది టీ కొట్టు మనిషి చూస్తాడు. అతను రోజుకి తొమ్మిది ఆఫీసులు తిరుగుతాడు. ఇంత చెప్పి, ఇది నాకు తెలీదంటే నమ్మలేనట్టు చూశాడు.

"ఏ ఆఫీసుకి వస్తామో టీ కొట్టువాడికి ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"తెలీనక్కర్లేదు కద సార్. మర్నాడు ఈ ఊళ్ళో ఎవుడూ సెయ్యి సాపడు. ఆ ఒక్క రోజూ అందరూ మంచోళ్ళే."

నా నోట్లోంచి ఇంకో ప్రశ్న వచ్చింది. మేం ఏడుగురమని ఆ గుమాస్తాకి ఎలా తెలుసు?

"మీ జీపులో ఏడుగురు కాక ఇంకెంతమంది పడతారు? మేడ మీంచి జీపు కనపడగానే టీ సెప్పీడమే."

కవరు జేబులో పెట్టుకుని వెనక్కొచ్చేశాను. దారిలో కూడా ఒక అనుమానం పీకింది, ఈ ముసలాణ్ణి టైపిస్టే పెట్టి మాట్లాడించిందేమోనని. అంత చెడిపోయి ఉన్నాను అప్పటికి. మర్నాడు కవరు ఎవరికీ పంపలేదు. పొద్దున్నే పోర్టు వైపు ఒక ఆఫీసుకి పోయి, సైకిలు స్టాండు వేస్తున్న ఇద్దర్ని ఎక్కించుకున్నాను. మధ్యాహ్నానికి గ్లాసులో నీళ్ళు గులాబీ రంగులోకి తిరిగాయి. టైపొచ్చిన మనిషి ఇంకొకరు లేక ఆ ఫిర్యాదు టైపు కొట్టిందీ ఆమే.

ఆ సాయంత్రం ఆమెను పిలిచి, హైదరాబాదుకి ఉత్తరం చెప్తాను రాసుకో అన్నాను. పుస్తకం తెచ్చుకుని కూర్చుంది. ఫలానా టైపిస్టు మీద నేను రాసింది తప్పని, బయటపడింది నా కవరు వల్లేనని, ఆమెను ఉద్యోగంలో ఉంచమని చెప్పాను. ఆమె తల ఎత్తకుండా రాసుకుంది. చివరికి, "పాత ఉత్తరం నెంబరు, తేదీ కావాలి సార్," అంది. నెంబరు నాకు గుర్తు లేదు. సొరుగు తాళం తీసి కార్బను కాపీ ఇవ్వాల్సొచ్చింది. నెంబరు మాత్రం చూసుకుని ఇచ్చేస్తుందనుకున్నాను. రెండు పేజీలూ చదివింది. తన మీద, తన బంధువు మీద, ప్రార్థన కూటం మీద, పిల్ల కళ్ళకలక మీద రాసిందంతా చదివింది.

"దస్తూరీ బాగుంది సార్," అంది. "ఎక్కడా కొట్టివేతలు లేవు."

కాపీ వెనక్కి తీసుకుని సొరుగులో పెట్టాను.

హైదరాబాదు నుంచి జవాబు పది రోజులకొచ్చింది. రెండు ఉత్తరాల్లో దేన్ని నమ్మమంటావని నన్నడిగారు. ఆ మంగళవారం ఎవరెవరున్నారు, ఎవరికి ఎప్పుడు ఏం తెలుసు, అంతా మళ్ళీ రాసి పంపు, అప్పటిదాకా ఆమెను ఆఫీసుకి రానివ్వకు అన్నారు. జీతం కూడా ఆపమన్నారు. ఆ కాగితం ఆమె చేతికి నేనే ఇచ్చాను. మిషను మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయింది.

రిపోర్టు మళ్ళీ చేత్తోనే రాశాను. ఇనస్పెక్టరు చూసి, తప్పంతా మీ నెత్తినేసుకుంటే మీ ప్రమోషను పోతుంది సార్, కొంత ఆ ముసలి అటెండరు మీద పెట్టండి అన్నాడు. వినలేదు. ప్రమోషను పోయింది కూడా. పోస్టు చేసే ముందు మల్కాపురం వెళ్ళాను. రిఫైనరీ వాసన కొట్టే సందులో ఇల్లు. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలో నిలబడే చదివింది.

"నా పేరు ఎక్కడా లేదేం సార్?"

"నువ్వు అక్కడ లేవు కదమ్మా."

"అది మీకు ఆ రోజే తెలుసు," అని కాగితాలు ఇచ్చేసి, తలుపు దగ్గరికి వేసుకుంది.

ఇరవై మూడో రోజున ఆమెను మళ్ళీ తీసుకోమని ఉత్తర్వు వచ్చింది. వచ్చిన రోజే, వేరే శాఖకి పంపమని అర్జీ టైపు చేసి నా ముందు పెట్టింది. ఉండమని అడిగే మొహం లేక సంతకం పెట్టాను. నెల తిరక్కుండా వెళ్ళిపోయింది. భూమి పోయిన మనిషి పత్రం ఇంకో ఆరు నెలలు ఆగింది, అదీ నా వల్లే. అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. ఆమె తరవాత వచ్చిన కుర్రాడి సొరుగు కూడా అతను లేనప్పుడు రెండుసార్లు తెరిచి చూశాను.

ఆ రిపోర్టు ఆఖర్న, ఆ మంగళవారం పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకి అక్కడున్నవాళ్ళని వరసగా రాశాను. ఇప్పుడూ అదే రాస్తాను. ముందురోజు సాయంత్రం కవరు పంపిన నేను. నా కింద ఇనస్పెక్టరు. హెడ్డు కానిస్టేబులు. సోడా నీళ్ళు కలిపిన కానిస్టేబులు. కింద జీపులో డ్రైవరు. ఎదుటి రోడ్డు ఆఫీసు గుమాస్తాలు ఇద్దరు, మధ్యవర్తులు. గోడవారన నిలబడ్డ ఫిర్యాదుదారు. టీ కొట్టు మనిషి. చేతులు తుడుచుకుంటున్న గుమాస్తా.